ఊరినిండా అప్పన్నలే, మీ తాత ఏ అప్పన్న?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారు పోయాక ట్రంకుపెట్టెలో పాత స్టాంపు కాగితాలు కొన్ని దొరికాయి. సొంతూరు టెక్కలి దగ్గర. తాత పేరు అప్పన్న అని తప్ప ఆ పైన ఎవరూ తెలీదు. ఊళ్ళో మేనత్త ఒకావిడ ఉన్నారు. మీరేమో బెంగుళూరులో. ఇంటి చరిత్ర ఎక్కడ మొదలెట్టాలి, డబ్బు కడితే వంశవృక్షం చేసిస్తామంటున్న వాళ్ళని నమ్మొచ్చా అని.

నేను శ్రీకాకుళం జిల్లాలో రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాణ్ణి. సర్వీసులో సగం కాలం రికార్డు గది దుమ్ములోనే గడిచింది. మా ఇంటి సంగతులు వెతకడం మొదలెట్టి పద్నాలుగేళ్ళయింది. అందులో మొదటి రెండేళ్ళూ తప్పుడు దారిలో పోయాను, అదీ చెప్తాను.

డబ్బు సంగతి ముందు తేల్చేద్దాం. కట్టకండి. నాకు తెలిసినాయన ఒకరు కట్టారు. గోడకి తగిలించుకునేంత పెద్ద రంగుల పటం వచ్చింది. పైన కళింగ గంగరాజు, కింద ఈయన, నడుమ నాలుగైదు వందల ఏళ్ళు మాయం! మన పల్లెల్లో రైతు ఇంటి కాగితం నూట యాభై ఏళ్ళ వెనక్కి వెళ్ళిందంటే అదే గొప్ప. రాజు దగ్గర మొదలెట్టి కిందికి దిగేవాణ్ణి నమ్మకూడదు. మీ దగ్గర మొదలెట్టి మెట్టు మెట్టూ పైకి ఎక్కాలి.

ఇక అసలు చిక్కు. మన జిల్లాల్లో పేరు పట్టుకుని వెతికితే మునిగిపోతాం. సింహాచలం అప్పన్న మొక్కుబడితో ఇంటికో అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పయ్యమ్మ. సింహాచలం అన్న పేరైతే మగవాళ్ళకీ ఉంది, ఆడవాళ్ళకీ ఉంది. శ్రీకూర్మం చుట్టుపక్కల కూర్మారావులు, కూర్మయ్యలు. అరసవల్లి వైపు సూరయ్యలు, సూర్యనారాయణలు. విజయనగరం వస్తే పైడిరాజులు, పైడమ్మలు. దానికి తోడు తాత పేరు మనవడికి పెట్టే ఆచారం. అప్పన్న కొడుకు సూరయ్య, సూరయ్య కొడుకు మళ్ళీ అప్పన్న. అదీ చాలక ఒకే తల్లి కడుపున పెదప్పన్న, చినప్పన్న. అందుకే నా మాట ఒక్కటే: పేరు వదిలెయ్యండి, ఊరు పట్టుకోండి. ఎవరి కొడుకు, ఏ ఊరు, కన్నోరు ఏ ఊరు. ఈ మూడూ కలిస్తేనే ఒక మనిషి.

నేను దెబ్బతిన్నది అక్కడే. మా ముత్తాత తండ్రి అప్పన్న అని తెలుసు. పాత లెక్కల్లో మా ఊరు, మా ఇంటిపేరు, అప్పన్న అని కనబడగానే ఎగిరి గంతేసి రాసేసుకున్నాను. ఆయన అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు, అంతా కలిపి నలభై పేర్లు. రెండేళ్ళ తర్వాత ఓ సంక్రాంతికి ఊరెళ్ళి మా మామ్మని అడిగాను, మీ మామగారి తండ్రి ఎవరు అని. ఆవిడ నోరు విప్పదు. మొగుడి పేరూ, మామగారి పేరూ, ఆ పై వాళ్ళ పేర్లూ పలక్కూడదు కదా. "నాను సెప్పకూడదు గుంటడా. అటక మీద మా అత్త బిందుంది, దింపి సూడు" అంది.

దింపాను. సొట్టలు పడ్డ ఇత్తడి బిందె. చింతపండుతో తోమితే మెడ కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు తేలాయి. మా ముత్తవ్వకి సారెలో ఇచ్చినది. ఆవిడ తండ్రి పేరు, పక్కనే నరసన్నపేట అని. అంతవరకూ ఆవిడ కన్నోరు ఎక్కడివారో మా ఇంట్లో మగవాళ్ళకెవరికీ తెలీదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. నరసన్నపేట వెళ్ళి, ఆ ఇంటిపేరువాళ్ళని అడగ్గా అడగ్గా మూడో ఇంట్లో దొరికారు. వాళ్ళింట్లో పాత ప్రోనోటు ఒకటి ఉంది. మా ముత్తాత తన మామగారి దగ్గర డబ్బు తీసుకుంటూ రాసిచ్చినది. అందులో "పెదప్పన్న కుమారుడు" అని స్పష్టంగా ఉంది. నేను రెండేళ్ళూ తలకెత్తుకున్నది చినప్పన్న సంతానాన్ని! మన ఇంటి కాగితం మన ఇంట్లో లేకపోయినా కోడళ్ళ కన్నోరింట్లోనో, ఆడపిల్లల అత్తోరింట్లోనో ఉంటుంది. ఆడవాళ్ళ ఊళ్ళు రాసుకోనివాడికి ఆ తలుపులన్నీ మూసుకున్నట్టే.

కాబట్టి మీ మొదటి ఆఫీసు మీ మేనత్తగారే. ఫోనులో కాదు, వెళ్ళి కూర్చోండి. వీలైతే ఆవిడ ఈడువాళ్ళు ఇంకొకరుండగా. ఒకరు తప్పు చెప్తే రెండోవారు ఊరుకోరు, ఆ తగువులోనే మనకి కావలసింది బయటపడుతుంది. ముత్తాత పేరేమిటి అని పరీక్షలా అడక్కండి. మీ పెళ్ళికి బళ్ళు ఏ ఊరి నుంచి వచ్చాయి, మీ అమ్మగారికి పురుళ్ళు ఎక్కడ పోశారు, ఇలవేల్పు ఎవరు, ఆ అమ్మవారి గుడి ఏ ఊళ్ళో ఉంది, పంపకాలప్పుడు బావి ఎవరి వాటాకి పోయింది, ఇలాంటివి అడగండి. పేర్లు వాటంతటవే వస్తాయి. పెద్దలు పలకని పేరుంటే పక్కన పిల్లల చేత అనిపించి ఔనా కాదా అంటే తలూపుతారు. మొబైల్లో రికార్డు పెట్టండి, కానీ పెట్టానని చెప్పి పెట్టండి.

తేదీలు అడిగితే ఎవరూ చెప్పరు. జ్ఞాపకం చెప్తారు. "విశాఖపట్నంలో బాంబు పడ్డప్పుడు నాను సంకలో ఉన్నానంట" అంటే 1942 ఏప్రిల్ 6కి ఏడాది రెండేళ్ళ పిల్ల అన్నమాట. తెలుగు సంవత్సరం చెప్పారంటే మరీ మేలు. రుధిరోద్గారి అంటే 1923-24, లేకపోతే 1983-84. అరవై ఏళ్ళ తేడా కాబట్టి మనిషి ఈడు చూస్తే ఆ రెంటిలో ఏదో తేలిపోతుంది. పాత లెక్కల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం, జూలైలో మొదలవుతుంది. ఫసలీ 1357 అంటే 1947 జూలై నుంచి 1948 జూన్ వరకూ.

ఇప్పుడు ట్రంకుపెట్టె. అందులోవి ముందు ఫొటోలు తీయండి, వెనకవైపు కూడా. స్టాంపు ఎవరు కొన్నారు, ఏ రోజు కొన్నారు అన్నది, రిజిస్ట్రారు ముందు వేలిముద్ర వేసినవారి వివరం, చాలావరకు వెనకే ఉంటాయి. దయచేసి లామినేషన్ చేయించకండి, చిరిగినచోట సెల్లోటేపు అంటించకండి. కొన్నాళ్ళకి ఆ జిగురే అక్షరాల్ని తినేస్తుంది. రాత గొలుసుకట్టులో, అంటే అక్షరాలన్నీ కలిపి రాసినట్టు, ఉంటే మీకు ఒక్క ముక్క అర్థం కాదు, బెంగపడకండి. ఊళ్ళో పాత కరణాల ఇంటివారెవరైనా, ముసలి దస్తావేజు లేఖరి ఎవరైనా ఉంటే గంటలో చదివిపెడతారు. తెలుగు అంకెలు మాత్రం మీరే నేర్చుకోండి, ఒక పూట పని.

దస్తావేజులో అందరూ ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు అన్నది చదివి వదిలేస్తారు. నేను ముందు హద్దులు చూస్తాను. తూర్పు ఫలానావారి భూమి, ఉత్తరం ఫలానావారి భూమి అని రాస్తారు కదా, ఆ ఫలానావాళ్ళలో సగం మంది అన్నదమ్ములూ పెదనాన్న చిన్నాన్న కొడుకులే. ఒకప్పుడు ఒకే చెక్క, పంచుకున్నాక పక్కపక్కన పడ్డారు. ఆ తర్వాత వాటా చూస్తాను. 5 అణాల 4 పైల వాటా అని ఉందనుకోండి, రూపాయికి పదహారు అణాలు, అణాకి పన్నెండు పైలు, లెక్కగడితే సరిగ్గా మూడో వంతు. అంటే ముగ్గురు అన్నదమ్ములు. మీకు ఇద్దరి పేర్లే తెలుసంటే మూడోవాడు ఎక్కడో ఉన్నాడు, రంగూన్ పోయాడో పిల్లల్లేక పోయాడో వెతకాలి. "మా పిత్రార్జితం", "ఫలానా తేదీ భాగపరిష్కార దస్తావేజు ప్రకారం నాకు సంక్రమించిన" లాంటి మాట ఎక్కడున్నా కింద గీత గీయండి. ఆ పాత దస్తావేజే మీ తర్వాతి మెట్టు.

మీ కాగితం మీద గంజాం జిల్లా అని ఉంటే కంగారుపడొద్దు, ఎవరిదో కాగితం కాదు. టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం, ఆఖరికి చికాకోలు అనే మన శ్రీకాకుళం కూడా 1936 మార్చి దాకా గంజాం జిల్లాయే. కలెక్టరు కచేరీ ఛత్రపురంలో, పెద్ద కోర్టు బరంపురంలో. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఇటు ముక్క విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అయింది. పార్వతీపురం వాళ్ళదైతే ఇంకా తమాషా. ఇల్లు కదలకుండానే విశాఖపట్నం, శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో పార్వతీపురం మన్యం, నాలుగు జిల్లాల మనుషులయ్యారు. రాజాంవాళ్ళు 2022లో శ్రీకాకుళం నుంచి విజయనగరం వచ్చారు. మండలాలు వచ్చింది 1985లో, అంతకుముందు తాలూకాలు. ఒక కాయితం ముక్క మీద మీ ఊరి పేరు రాసి, ఏ ఏడు ఏ జిల్లా, ఏ తాలూకా, ఏ జమీ అన్నది పక్కన రాసుకోండి. అది లేకుండా ఆఫీసుకి వెళితే మా దగ్గర లేవు అన్న మాట విని వచ్చేస్తారు. లేకపోవడం కాదు, మీరు తప్పు గుమ్మం ముందు నిలబడ్డారు. సరిహద్దు అటు పర్లాకిమిడిలో మీ చుట్టాలుంటే వాళ్ళ కాగితాలు ఒడియా లిపిలో ఉండొచ్చు, మనుషులు మాత్రం మనవాళ్ళే.

ఆఫీసుల్లో ముందు సబ్‌రిజిస్ట్రారు దగ్గరికి వెళ్ళండి. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, ఆన్‌లైన్లో 1983 నుంచే వస్తుంది. అంతకుముందువి ఆఫీసులో చేత్తో వెతికించాలి, దరఖాస్తు పెట్టి రుసుం కట్టాలి. ఒకటో పుస్తకంలో స్థిరాస్తి దస్తావేజులు, మూడో పుస్తకంలో వీలునామాలు. ఒకటో పుస్తకం సూచికలు ఎవరైనా చూడొచ్చు. వీలునామా నకలు, రాసినాయన పోయాక ఎవరు అడిగినా ఇవ్వొచ్చు. ఇది తెలియక చాలామంది మూడో పుస్తకం జోలికే పోరు. వీలునామా అంటే కొడుకులు, కూతుళ్ళు, అలిగి వెళ్ళిపోయినవాడు, చేరదీసిన మేనల్లుడు, అందరూ ఒక్కచోట దొరికే కాగితం. అలాగే వాటాల దావాలు. దావాతోపాటు చాలాసార్లు వంశవృక్షం గీసి పెడతారు. మీ ఇంట్లో ఎవరైనా కోర్టుకెక్కారా అని అడిగితే ముందు కోపం వస్తుంది, తర్వాత కథ వస్తుంది. తాతలు కొట్టుకున్న ఇల్లే చరిత్రకారుడికి అదృష్టం.

రెవెన్యూ రికార్డులకి ఒక గోడ ఉంది. మీభూమి వెబ్‌సైటులో ఇప్పటి అడంగల్, 1బీ అనే భూమి రికార్డులు చూస్తారు, సరే. వెనక్కి వెళితే జమీందారీ రద్దు చట్టం 1948లో వచ్చాక సర్వే చేసి సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్ రాశారు. మన జిల్లాల్లో ఎక్కువ భాగం విజయనగరం, బొబ్బిలి, టెక్కలి, మందస, పర్లాకిమిడిలాంటి జమీలే కాబట్టి, చాలా ఊళ్ళలో రైతు పేరు సర్కారు పుస్తకంలోకి మొదటిసారి ఎక్కింది అప్పుడే. అంతకుముందు జమీందారు ఠాణా, అంటే శిస్తు కచేరీ, లెక్కల్లో ఉండేవారు. పట్టా ఇచ్చేది ఎస్టేటు, బదులుగా ముచ్చలిక అనే ఒప్పుకోలు కాగితం రాసిచ్చేది రైతు. ఆ ఠాణా పుస్తకాలు చెదలు తిన్నవి తినగా మిగిలినవి తక్కువ. కాబట్టి మీ ట్రంకుపెట్టెలో ఎస్టేటు ముద్ర ఉన్న శిస్తు రశీదు చిన్న ముక్క దొరికినా, అది ఏ ఆఫీసులోనూ దొరకని సరుకు. పారేయకండి.

మీ పెద్దలకి ఇనాం భూమి ఉండేదా? పూజారి, కరణం, మంగలి, చాకలి, కమ్మరి, ఏ సేవకిచ్చినదైనా సరే. ఉంటే మీకు దారి దొరికినట్టే. 1858లో మొదలైన ఇనాం కమిషను ఊరూరా విచారించి రిజిస్టర్లు రాసింది. భూమి ఎవరిచ్చారు, మొదట ఎవరికిచ్చారు, అప్పుడు అనుభవిస్తున్నవాడు ఎవరు, అతనికి మొదటివాడు ఏమవుతాడు అన్నది అందులో ఉంటుంది. ఒక్క పేజీలో రెండు మూడు తరాలు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు రికార్డులకి చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్ పెద్ద దిక్కు. బెంగుళూరు నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అక్కడుంటారు, మాకన్నా మీకే దగ్గర.

జనన మరణాల రిజిస్టర్లు మునసబులు రాసేవారు. 1899 మద్రాసు చట్టం నాటి నుంచి, 1969 చట్టం వచ్చేదాకా ఆ పద్ధతే. దొరికితే సంతోషమే గానీ, బిడ్డ పేరుండదు, ఫలానా వారికి మగశిశువు అని ఉంటుంది. బడి అడ్మిషన్ రిజిస్టరులో పేరుంటుంది కానీ పుట్టినరోజు మాష్టారి దయ. సగం పల్లె జూలై 1నే పుట్టింది. జనాభా లెక్కల కాగితాల మీద ఆశ పెట్టుకోకండి. అమెరికాలో 72 ఏళ్ళకి బయటపెడతారని మీరు చదివుంటారు, మన చట్టంలో ఒక్కొక్కరి వివరాలు చూపించే వీలే లేదు.

భూమి లేని ఇల్లైతే ఏం చేయాలి? మన వైపు అలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. అప్పుడు వలసని పట్టుకోవాలి. కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల నుంచి రంగూన్ వెళ్ళే ఓడలెక్కని ఊరు లేదు. 1942లో జపాన్ వాడు వచ్చినప్పుడు కొందరు అడవుల్లో నడిచి వచ్చారు, 1964 తర్వాత ఇంకొందరు తిరిగొచ్చారు. వాళ్ళ దగ్గర కాందిశీకుల కార్డులు, బర్మాలో తీయించుకున్న ఫొటోలు ఉంటాయి. ఖరగ్‌పూర్ రైల్వేలో చేరినవాళ్ళ సర్వీసు పుస్తకంలో సొంతూరు, తండ్రి పేరు రాసుంటాయి. చెరుకు తోటల కూలీకి దక్షిణాఫ్రికాలోని నాటల్, మారిషస్ పోయినవాళ్ళ ఓడ జాబితాల్లో అయితే తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు, కులం, ఒంటి మీద పుట్టుమచ్చతో సహా రాసుకున్నారు. మద్రాసు నుంచి మొదటి ఓడ డర్బన్ చేరింది 1860 నవంబరులో. మారిషస్ వాళ్ళ కాగితాలు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ఇంట్లో పొలమున్నవాడికన్నా కూలీకి పోయినవాడి గురించే ఎక్కువ రాసి ఉండడం నాకు ఎప్పుడూ వింతే.

ఇంటి పురోహితుడు ఉంటే ఆయన్నీ అడగండి. తద్దినంలో మూడు తరాల పేర్లు చెప్పాలి, పెళ్ళి ప్రవరలోనూ అంతే. ఆయన తండ్రి నాటి నోటు పుస్తకంలో మీవాళ్ళ పేర్లుండొచ్చు. మనవాళ్ళు పూరీ ఎక్కువ వెళ్తారు కాబట్టి అక్కడి పండాల, అంటే యాత్రికుల పురోహితుల, పుస్తకాలు చూడదగ్గవే. మన జిల్లా, మన ఊరు చెప్పి ఏ పండా అని వాకబు చేస్తే చాలు, మీ తాత సంతకమో వేలిముద్రో కనబడినా కనబడొచ్చు. దక్షిణ సంగతి పుస్తకం తెరవకముందే తేల్చుకోండి. క్రైస్తవ కుటుంబమైతే చర్చి బాప్తిస్మ రిజిస్టరు, ముస్లిములైతే కాజీగారి నిఖా పుస్తకం.

ఒక హెచ్చరిక. పట్నం నుంచి వచ్చి పాత దస్తావేజులు చూపించండి అన్నారో, వాటాకొచ్చాడు అనుకుంటారు. మా సొంత పెదనాన్న కొడుకే రెండు నెలలు నాతో మాట్లాడలేదు. మొదటిసారి వెళ్ళినప్పుడు కాగితాల మాటే ఎత్తకండి. మీ దగ్గరున్న ఫొటోల కాపీలు పట్టుకెళ్ళి ఇవ్వండి. రెండోసారికి వాళ్ళే పెట్టె తీస్తారు. వింటున్నప్పుడు మారుమనువులు, దత్తతలు, ఇల్లరికాలు బయటపడతాయి. ఇంటిపేరు హఠాత్తుగా మారిందంటే ముందు ఇల్లరికం అల్లుణ్ణి అనుమానించండి. బతికున్నవాళ్ళకి ఇబ్బంది కలిగే సంగతైతే మీ నోటు పుస్తకంలో ఉంచుకోండి, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. మేనరికాలు ఉన్న ఇంట్లో ఒకే మనిషి మేనమామా, మామగారూ అవుతాడు, లేకపోతే మేనమామా, మొగుడి అన్నా అవుతాడు. కంప్యూటరులో గీసే చెట్టు దీనికి తికమకపడుతుంది. అందుకని నేను మొదట కాగితం మీదే గీస్తాను, ఒక్కో మనిషికి ఒక నంబరు. ప్రతి పేరు పక్కనా ఎవరు చెప్పారు, ఏ కాగితంలో చూశాను, ఏ రోజు అని చిన్న అక్షరాలతో రాస్తాను. చినప్పన్న దెబ్బ తర్వాత అలవాటైంది.

మీ స్టాంపు కాగితాల్లో ఒకదాని ఫొటో ఇక్కడ పెట్టండి, గొలుసుకట్టయితే నేను చదివిపెడతాను. ఈ మధ్య కాలపు కాగితమైతే ఆధార్ నంబర్లు, సర్వే నంబర్లు కప్పేసి పెట్టండి. కానీ దానికన్నా ముందు మేనత్తగారి దగ్గరికి వెళ్ళి, మీ తాతమ్మ కన్నోరు ఏ ఊరో కనుక్కురండి. ఆవిడ చెప్పనంటే అటక మీద ఏమున్నాయో అడగండి.